తమ్ముడి బరాత్‌కు పిలిచిన డప్పు బృందం

జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పదిమంది వాళ్లు. బోర్డు లేదు, కార్డు లేదు. మా చిన్న మేనమామ నంబరిస్తే ఫోన్ చేసి మాట్లాడుకున్నాం. రెండు గంటల బరాత్‌కు 18,000 రూపాయలు, బండి కిరాయి వేరు. పెళ్లికి పెట్టిన ఖర్చుల్లో నాకు పూర్తిగా తృప్తినిచ్చింది ఇదొక్కటే.

మా ఇంటి పరిస్థితి కొంచెం చెప్పాలి. నాన్న పోయిన ఏడాదిలోపే తమ్ముడి పెళ్లి చెయ్యాలని పెద్దవాళ్లు పట్టుబట్టారు. పందిరి పడింది, చుట్టాలు దిగారు, అయినా ఒక్కరి ముఖంలో కళ లేదు. డప్పు అనగానే అమ్మ వద్దంది. నాన్నను సాగనంపిన రోజు ముందు నడిచింది డప్పే మరి. "డీజే పెట్టుకుంటే పెట్టుకోండి, ఆ చప్పుడు మాత్రం నేను వినలేను" అంది.

ఈ మాట బృందం పెద్దకు ఫోన్‌లోనే చెప్పాను. "తోలు గదే, పుల్లలు గవే అక్కా. దరువు వేరుంటది. అమ్మ సంగతి నేను జూసుకుంట" అన్నాడు.

చెప్పిన టైముకు అరగంట ఆలస్యంగా వచ్చారు. రాగానే గేటు పక్కన ఎండుగడ్డి పోగేసి మంట పెట్టి, ఒక్కో డప్పునూ సెగకు పట్టుకుని తిప్పారు. మేకతోలు తేమకు వదులవుతుంది, వేడి తగిలితే బిగుస్తుంది. పెద్దాయన వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, నచ్చకపోతే మళ్లీ మంట మీదికి పంపాడు. కుడిచేతిలో సిర్ర అనే పొట్టి కర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ కడుపులో తగులుతుంది, సిటికెన పుల్ల దాని మీద చిటపటలాడుతుంది. వానకు పనికొస్తాయని రెండు ఫైబర్ డప్పులు కూడా తెచ్చారు గానీ తోలు డప్పుకున్న నిండుదనం వాటికి లేదు.

నేను అసలు మెచ్చుకునేది ఆ తర్వాత జరిగినదాన్ని. తీన్‌మార్‌తో మొదలుపెట్టలేదు వాళ్లు. అరుగు మీద ముడుచుకుని కూర్చున్న అమ్మను పెద్దాయన ఒకసారి చూసి, మెల్లగా బతుకమ్మ దరువు ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు చప్పుడు తగ్గించి దాన్ని అందుకున్నారు. చిన్నప్పటినుంచి ఆ వరసకు చప్పట్లు కొట్టిన చేతులు కదా అమ్మవి, కాసేపటికి ఒళ్లో ఉన్నవి ఉన్నట్టే కదిలాయి. మేనత్త వచ్చి "లే వదినా" అని చెయ్యి పట్టుకుంది. ఆడవాళ్లంతా వలయం కట్టారు. అప్పటినుంచి పెద్దాయన కళ్లు వాళ్ల పాదాల మీదే. వాళ్లు కుదురుకున్నాక కొంచెం పెంచడం, ఎవరైనా తడబడితే అక్కడే ఆగడం, మళ్లీ పెంచడం. వేగం ఎక్కడ మారిందో ఎవరికీ తెలియలేదు. వీధి మలుపు తిరిగేసరికి తీన్‌మార్ పడుతోంది, కొంగు నడుముకు దోపుకుని మా అమ్మ ఆడుతోంది. ఏడుస్తూనే ఆడింది, నవ్వుతూనూ ఆడింది. నాన్న పోయాక ఆమె ముఖంలో ఆ వెలుగు నేను చూడలేదు.

డీజే పాట ఎంత హుషారైనదైనా మొదలైన వేగంలోనే పోతుంది. ఎదురుగా ఉన్న మనిషి గుండె బరువు దానికి అందదు. దుఃఖంలో ఉన్నవాళ్ల ముందు ఒక్కసారిగా హోరు పెడితే ఇంకా ముడుచుకుపోతారు. వాళ్లున్న చోటికి వెళ్లి చెయ్యందించే దరువు కావాలి. ఈ బృందానికి ఆ విద్య తెలుసు.

లోపం లేదనను. సినిమా పాటలకని ఒక స్పీకర్ల ట్రాలీ కూడా ప్యాకేజీలో కలిపి తెచ్చారు. అది మోగినంతసేపూ డప్పు వినిపించలేదు, నేనే ఆపించాను. మీరు పిలిస్తే ట్రాలీ వద్దని ముందే చెప్పండి, డబ్బు కూడా తగ్గుతుంది. నడుమ డప్పులు మళ్లీ కాచుకోవడానికి ఆగుతారు. ఆ పది నిమిషాలు వాళ్లను తొందరపెట్టొద్దు, మెత్తబడ్డ తోలుతో ఏ దరువూ పలకదు. రాత్రి 10 దాటితే శబ్ద కాలుష్య నిబంధనలు డప్పుకూ వర్తిస్తాయి కాబట్టి బరాత్ 7 గంటలకల్లా కదిలేలా చూసుకోండి. మా ఇంట్లో ఆలస్యమై, సరిగ్గా ఊపు అందుకున్నాక ఆపాల్సి వచ్చింది.

ఇంకొకటి. చాలా పెళ్లిళ్లలో డప్పు కొట్టేవాళ్లకు చివర్న, ఎక్కడో మూలన విస్తరి వేస్తారు. నాకది చాలా బాధగా ఉంటుంది. రెండు గంటలు గజ్జెకట్టి, నడుం వంచి ఆడుతూ వాయించిన మనుషులు వాళ్లు. బంధువుల బంతిలో కూర్చోబెట్టి అడిగి అడిగి వడ్డించండి. బేరం ఆడొద్దు. మాఘంలో, శ్రావణంలో వాళ్లకు తీరిక దొరకదు, ముహూర్తం పెట్టుకున్న రోజే ఫోన్ చేసి అడ్వాన్స్ పంపండి.