పాత కట్టడాల మదింపుకు ఏ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్? ఏళ్ల తరబడి వాడాక ఒక సమీక్ష

కొత్త భవనం విషయంలో సాఫ్ట్‌వేర్‌ని అడిగేది "ఎంత ఇనుము వేయాలి" అని. పాత భవనం దగ్గర ప్రశ్న తలకిందులవుతుంది: ఉన్న ఇనుము ఇంత, ఇది ఎంత మోస్తుంది? పేరున్న ప్యాకేజీల్లో చాలావరకు మొదటి ప్రశ్న కోసం పుట్టినవే. రెండోదానికీ జవాబిస్తాయి గానీ, అడిగే తీరు తెలియాలి. కాబట్టి బ్రోషర్‌లో ఎన్ని డిజైన్ ప్రమాణాల (కోడ్‌ల) పేర్లున్నాయో లెక్కపెట్టడం పక్కనపెట్టి, కట్టడంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడానికి ఎంత వెసులుబాటు ఉందో చూడండి.

కాంక్రీటు ఫ్రేమ్‌లకు ఎక్కువగా వాడేది ఈట్యాబ్స్, సాప్2000. రెండూ ఒకే సంస్థవి, స్వభావమూ దగ్గరదగ్గరే. ఇక్కడ మొట్టమొదట చూడాల్సింది కాలమ్ సెక్షన్‌లో ఇనుమును "డిజైన్ చేయాలి" అని పెట్టామా, "చెక్ చేయాలి" అని పెట్టామా అన్నది. 300×300 కాలమ్‌లో నాలుగు 16 మి.మీ. రాడ్లుంటే ఇనుము 804 చ.మి.మీ., అంటే 0.9 శాతం లోపే. డిజైన్ మోడ్‌లో వదిలేస్తే ప్రోగ్రామ్ ఆ 804ని పట్టించుకోదు, తనకు కావాల్సినంత వేసుకుని "సరిపోయింది" అంటుంది. చెక్ మోడ్‌లో పెడితేనే పడే భారానికీ మోయగల బలానికీ ఉన్న అసలు నిష్పత్తి బయటపడుతుంది. బీమ్‌లకు ఆ సౌకర్యమూ లేదు. కావాల్సిన ఇనుము ఎంతో చెప్పి ఊరుకుంటుంది. ఆ పట్టికను ఎక్సెల్‌లోకి దించి, సైట్‌లో దొరికిన రాడ్లతో మనమే పోల్చుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ మదింపులో సగం విలువ అక్కడే ఉంది.

తుప్పుకు విడిగా బటన్ ఏదీ ఉండదు. 16 మి.మీ. రాడ్ చుట్టూ ఒక్కో మిల్లీమీటరు పోతే మిగిలేది 14 మి.మీ.; వైశాల్యం 201 నుంచి 154 చ.మి.మీ.కి, అంటే 23 శాతం దాకా పడిపోతుంది. కొత్త రాడ్ సైజు నిర్వచించి దీన్ని ఎక్కించవచ్చు. రాడ్ మీది కాంక్రీటు పొర (కవర్) ఊడిపోయిన చోట సెక్షన్ కొలత కూడా తగ్గించాలి. ఒకే గ్రిడ్‌లో పక్కపక్క కాలమ్‌లు వేర్వేరు స్థితిలో ఉంటాయి కాబట్టి, పట్టికల్లోనే మార్పులు చేసుకునే ఇంటరాక్టివ్ డేటాబేస్ సదుపాయం ఇక్కడ ప్రాణంతో సమానం. మౌస్‌తో ఒక్కో కాలమ్ నొక్కుతూ పోతే ఎక్కడో ఒకటి తప్పిపోవడం ఖాయం.

దృఢత్వం సంగతీ అంతే. ఏమీ మార్చకపోతే పగుళ్లు లేని పూర్తి సెక్షన్‌తోనే విశ్లేషణ జరుగుతుంది. పాత భవనాల భూకంప మదింపుకు అమెరికా ప్రమాణమైన ఏఎస్‌సీఈ 41 పట్టికల ప్రకారం మామూలు బీమ్‌లకు 0.3, భారం తక్కువున్న కాలమ్‌లకు 0.3, ఎక్కువున్నవాటికి 0.7 దాకా తగ్గింపు గుణకాలు మనమే వేయాలి. వేయకపోతే పీరియడ్ (భవనం ఒకసారి ఊగడానికి పట్టే సమయం) చిన్నదిగా వచ్చి, కదలిక అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది.

పుషోవర్, అంటే భవనాన్ని పక్కకు క్రమంగా నెడుతూ చేసే విశ్లేషణ దగ్గరే ఎక్కువ మంది జారిపడతారు. బీమ్, కాలమ్ లొంగిపోయే చోట్లకు ప్రోగ్రామే లెక్కగట్టే ఆటో హింజ్‌లు పెట్టడం నాలుగు క్లిక్‌ల పని, అందుకే వాటిని అతిగా నమ్మేస్తారు. ఆ హింజ్ వంపును చూస్తుంది. షియర్‌లో (కోత బలానికి) ముందే తెగిపోయే కాలమ్‌ను పట్టుకోదు. పాత కాలమ్‌లలో రింగులు 250, 300 మి.మీ. ఎడంలో, 90 డిగ్రీల కొక్కేలతో ఉంటే షియర్ హింజ్ విడిగా పెట్టి తీరాలి. రాడ్ల అతుకు (లాప్) ఎంత పొడవుందో ప్రోగ్రామ్ అడగదు. బీమ్ అడుగు రాడ్లు కాలమ్‌లోకి 150 మి.మీ. మాత్రమే దూరినా, పూర్తి బలం ఉందనే అనుకుంటుంది. చాలని లాప్‌కు తగ్గట్టు రాడ్ బలాన్ని చేత్తో తగ్గించుకోవాలి. ఇంకొకటి: నిలువు భారాల (గ్రావిటీ) నాన్‌లీనియర్ కేసు ముగిసిన చోటు నుంచే పుష్ మొదలవ్వాలి. సున్నా నుంచి నెడితే కాలమ్ హింజ్‌లలో అసలు భారమే ఉండదు, గ్రాఫ్ మాత్రం చక్కగా వస్తుంది! లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోక (కన్వర్జ్ కాక) ఆగిపోతే భవనం కూలినట్టు రాసేయకండి. అది చాలాసార్లు హింజ్ బలం ఒక్కసారిగా పడిపోవడం వల్ల వచ్చే గణిత ఇబ్బంది.

స్టీల్ షెడ్లు, ట్రస్‌లు, పైపు రాక్‌లకు స్టాడ్ ప్రోనే హాయి. ఇన్‌పుట్ ఫైలు మామూలు టెక్స్ట్ కావడంతో రెండు మదింపుల మధ్య ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. కానీ లాగుడు బలం (టెన్షన్) మాత్రమే మోసే బ్రేసింగ్ ఉన్నప్పుడు లోడ్ కాంబినేషన్ కమాండ్ వాడకూడదు. అది వచ్చిన ఫలితాలను కలిపేస్తుందే తప్ప మళ్లీ విశ్లేషించదు. భారాలను కలిపి మళ్లీ విశ్లేషించే రిపీట్ లోడ్ వాడాలి. సాప్2000లో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది: టెన్షన్ పరిమితులు నాన్‌లీనియర్ కేసుల్లోనే పనిచేస్తాయి, లీనియర్ కేసులో పెట్టినా పెట్టనట్టే.

ఓపెన్‌సీస్ ఉచితం, ఎంత లోతుకైనా వెళ్తుంది. షియర్‌లో దెబ్బతిన్న కాలమ్ తర్వాత నిలువు భారాన్ని కూడా వదిలేసే తీరును చూపే లిమిట్ స్టేట్ మెటీరియల్ అందులో ఉంది. అయితే బొమ్మ గీసే తెర ఉండదు, యూనిట్ల గురించి ఒక్క మాటా చెప్పదు. న్యూటన్లు, మిల్లీమీటర్ల మధ్యలో ఒక్క మీటరు దూరినా మౌనంగా తప్పు జవాబు ఇచ్చేస్తుంది. రోజువారీ రిపోర్టుల ఆఫీసుకు దీన్ని సిఫారసు చేయలేం. మధ్యస్థంగా కావాలంటే సీస్మోస్ట్రక్ట్ మంచిది: సెక్షన్‌ను చిన్న ముక్కలుగా లెక్కించే ఫైబర్ సెక్షన్లు, పాత భవనాల భూకంప మదింపుకు యూరప్ ప్రమాణమైన యూరోకోడ్ 8 మూడో భాగం చెక్‌లు, కట్టడం గురించి ఎంత తెలుసో చెప్పే నాలెడ్జ్ లెవెళ్లు సిద్ధంగా ఉంటాయి. సమాచారం కొద్దిగానే దొరికితే పదార్థ బలాన్ని భాగించే కాన్ఫిడెన్స్ ఫ్యాక్టర్ 1.35, పూర్తిగా దొరికితే 1.0. ఒక్కోసారి పరీక్షకు నాలుగు కాంక్రీటు నమూనాలు (కోర్లు) ఎక్కువ తీయించడమే ఖరీదైన లైసెన్సు కన్నా లాభం.

ఇటుక, రాతి గోడల కట్టడాలను పై ఫ్రేమ్ ప్రోగ్రామ్‌లలో బలవంతంగా ఇరికించకండి. 3మూరి లాంటి, గోడలను ఫ్రేమ్‌గా మార్చి లెక్కించే ఈక్వివలెంట్ ఫ్రేమ్ సాధనాలు వాటికే ఉన్నాయి. అక్కడ కూడా గోడ తన తలానికి అడ్డంగా పడిపోవడాన్ని విడిగా చెక్ చేయాలి.

ఏది కొన్నా పక్కన రెస్పాన్స్-2000 ఉంచుకోండి. ఉచితం, చిన్నది. ఒక సెక్షన్ షియర్, వంపు కలిసినప్పుడు ఎక్కడ తెగుతుందో నిమిషంలో చూపిస్తుంది. పెద్ద మోడల్‌లోని రెండు మూడు కీలక కాలమ్‌లను దీంతో సరిచూడండి.

జాకెటింగ్ (పాత కాలమ్ చుట్టూ కొత్త పొర వేసి బలపరచడం) మదింపుకు, నిర్మాణాన్ని దశలవారీగా లెక్కించే స్టేజ్డ్ కన్‌స్ట్రక్షన్ లేని ప్రోగ్రామ్ వద్దు. పాత భారమంతా పాత కాలమ్ ఒక్కటే మోస్తోంది. జాకెట్‌కు చేరేది ఆ తర్వాత పడే భారమే. అవే నోడ్‌ల (కొస బిందువుల) మధ్య రెండో ఎలిమెంట్ గీసి, దాన్ని తర్వాతి దశలో చేర్చితే ఇది సరిగ్గా వస్తుంది. ఒకేసారి కలిపి లెక్కిస్తే జాకెట్ ఎక్కువ పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇక ఫైళ్లు. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన మోడల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, మదింపులేమో పదేళ్ల తర్వాత మళ్లీ తెరవాల్సి వస్తాయి. ప్రతి మోడల్‌తోపాటు టెక్స్ట్ ఎక్స్‌పోర్ట్, వాడిన వెర్షన్ నంబరు, ఆధారాల దగ్గర వచ్చే మొత్తం రియాక్షన్ల పట్టిక దాచిపెట్టండి. కొత్త వెర్షన్‌లో తెరిచిన రోజు ముందుగా ఆ రియాక్షన్లు కలుస్తున్నాయో లేదో చూసుకున్నాకే మిగతా పని.