షెంగెన్ వీసా: 90 యూరోలకు ఏం వస్తుంది, ఏం రాదు

షెంగెన్ వీసా అంటే ఒక్క స్టిక్కరుతో 29 యూరప్ దేశాలు. పారిస్‌లో దిగి, రైల్లో స్విట్జర్లాండ్ చూసి, రోమ్‌లో తిరుగు విమానం ఎక్కొచ్చు. మధ్యలో ఇంకో వీసా అక్కర్లేదు. యూకే, ఐర్లండ్ మాత్రం ఇందులో లేవు, వాటి వీసాలు వేరే. పెద్దలకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45, ఆరేళ్ళలోపు వాళ్ళకు ఉచితం. 2024 జూన్‌కి ముందు పెద్దల ఫీజు 80 ఉండేది. అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్‌ఎస్ లాంటి సెంటర్ల సర్వీస్ చార్జి దీనిమీద అదనం. రిజెక్టయితే ఫీజు వెనక్కి రాదు. సరుకు మంచిదే, కొనే పద్ధతే విసిగిస్తుంది.

మొదటి చిక్కు ఏ దేశానికి అప్లై చేయాలన్నది. దిగే ఊరును బట్టి కాదు, రాత్రుళ్ళ లెక్కను బట్టి తేలుతుంది. పారిస్‌లో మూడు, స్విట్జర్లాండ్‌లో ఐదు, ఇటలీలో రెండు రాత్రులైతే, ముందు ఫ్రాన్స్‌లో దిగినా అప్లికేషన్ స్విట్జర్లాండ్‌కే. రెండు దేశాల్లో సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశం. సెంటర్లో అపాయింట్‌మెంట్ స్లాట్ దొరకలేదని, 'ఫలానా దేశం ఈజీగా ఇస్తుంది' అని ఎవరో చెప్పారని లెక్క మార్చి హోటళ్ళు బుక్ చేసేవాళ్ళు చాలామంది. ఆ ప్లాన్‌లో ఎక్కడో ఒకచోట అతుకు కనిపిస్తుంది: ఆరు రాత్రులు ఒకే చిన్న ఊళ్ళో, తిరుగు టికెట్టేమో ఇంకో దేశం నుంచి, మధ్యలో రైలు లేదు. ఫైలు చూసే ఆఫీసరుకు ఇలాంటివి పట్టుకోవడం రోజూ చేసే పనే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా లాగొచ్చు. వేసవి సెలవులకు వెళ్ళేవాళ్ళు ఏప్రిల్‌లో స్లాట్ల కోసం వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఫిబ్రవరిలోనే పని కానిచ్చుకోవాలి.

కాగితాల్లో అసలు బరువు బ్యాంకు స్టేట్‌మెంటుది. మూడు నెలలదో ఆరు నెలలదో ఆ దేశం చెక్‌లిస్టులో ఉంటుంది, బ్యాంకు ముద్రతో తీసుకోవాలి. చివర్లో ఎంత ఉందన్నదానికంటే ఎలా చేరిందన్నదే చూస్తారు. నెలనెలా జీతం పడుతూ, ఖర్చులు పోతూ, ఓ మోస్తరు నిల్వ ఉన్న ఖాతా నమ్మకం కలిగిస్తుంది. అప్లై చేయడానికి వారం ముందు బావమరిది వేసిన నాలుగు లక్షలు అనుమానం కలిగిస్తాయి. నిజంగానే పొలం అమ్మిన డబ్బో, మెచ్యూరైన ఎఫ్‌డీనో అయితే ఆ కాగితం జత చేసి, కవరింగ్ లెటర్లో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. ఐటీ రిటర్నులు, జీతం స్లిప్పులు, సెలవు తేదీలతో ఆఫీసు ఇచ్చిన ఎన్‌వోసీ కూడా ఇదే కథ చెప్పాలి. సెలవు పది రోజులకు ఇచ్చి, ప్లాన్ పద్నాలుగు రోజులకు ఉంటే చిక్కే.

ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ, దిగే రోజు నుంచి వెనుదిరిగే రోజు దాకా ఉండాలి. వీసా ఫైల్లో చూపించడానికి ఏజెంట్లు ఇచ్చే డమ్మీ టికెట్లతో జాగ్రత్త. కొన్నిటి పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోతుంది, ఫైలు తెరిచేసరికి టికెట్టు ఉండదు. క్యాన్సిల్ చేసుకోగల రిజర్వేషన్ మేలు.

మనవాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇంటిపేరు. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరం, ఆఫీసు ఐడీలో అసలు లేదు. ఫారం, టికెట్టు, ఇన్సూరెన్సు మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో ఉండాలి. బ్యాంకులో తేడా ఉంటే కవరింగ్ లెటర్లో చెప్పేయండి. పాస్‌పోర్టు పదేళ్ళలోపు ఇచ్చినదై, తిరుగు తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

ఇక సెంటరు. అక్కడివాళ్ళు కాగితాలు సరిచూసి, వేలిముద్రలు తీసుకుని, ఫైలు కాన్సులేటుకు పంపుతారు. వీసా ఇచ్చేదీ మానేదీ వాళ్ళు కాదు. అందుకే ప్రీమియం లాంజ్ కొంటే దొరికేది మెత్తటి సోఫా మాత్రమే. ఎస్సెమ్మెస్ అలర్టు, ఫారం నింపే సాయం కూడా వదిలేయొచ్చు. కొరియర్ మాత్రం కరీంనగర్ నుంచో గుంటూరు నుంచో వచ్చేవాళ్ళకు డబ్బుకు తగినదే. వేలిముద్రలు 59 నెలలు పనికొస్తాయి కాబట్టి ఈమధ్యే వెళ్ళొచ్చినవాళ్ళు పాత వీసా జెరాక్సు పెట్టాలి.

పాస్‌పోర్టు రాగానే స్టిక్కరు చదవాలి. రెండు తేదీల మధ్య నెల ఉండొచ్చు, కానీ పక్కన రోజుల గడిలో 12 అని ఉంటే పన్నెండు రోజులే ఉండాలి, దిగిన రోజు, వెళ్ళే రోజు కలిపి. ఎంట్రీల దగ్గర 01 ఉండి, మధ్యలో లండన్ వెళ్తే తిరిగి పారిస్‌లోకి రానివ్వరు. అలాంటి ప్లాన్ ఉంటే మల్టిపుల్ ఎంట్రీ ముందే అడగాలి. పేరులోనో పాస్‌పోర్టు నంబరులోనో తప్పుంటే వెంటనే వెనక్కి పంపాలి.

2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఒక మంచి మార్పు వచ్చింది. గత మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్ళకు రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత మామూలుగా ఐదేళ్ళది ఇస్తారు. అప్పుడైనా ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. పాస్‌పోర్టు గడువు చాలకపోతే పెద్ద వీసా రాదు, కాబట్టి ముందు రెన్యూ చేయించుకుని, పాత వీసాలున్న పాస్‌పోర్టులు కూడా అప్లికేషన్‌తో పెట్టాలి.