డాబా మీద ముందు ఏది పెట్టాలి: వేన్నీళ్ల హీటరా, కరెంటు ప్యానెళ్లా?

తెనాలిలో మా డాబా, మదనపల్లెలో మా అక్కవాళ్ల డాబా దాదాపు ఒకే కొలత. మీద పడే ఎండను వాడుకోవాలని ఇద్దరం ఒకే ఏడాది అనుకున్నాం. అక్క వేన్నీళ్ల సోలార్ హీటర్ పెట్టించింది, నేను కరెంటు ఇచ్చే ప్యానెళ్లు పెట్టించాను. అక్క ఇంట్లో చూసి నేనూ హీటరే తెచ్చుకుని ఉంటే ఆ డబ్బు డాబా మీద వృథాగా పడి ఉండేది. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్న ఇప్పుడు మా బంధువుల్లో చాలామంది అడుగుతున్నారు.

ముందు చిన్న లెక్క. 100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చెయ్యడానికి సుమారు 4 యూనిట్ల కరెంటు పడుతుంది. గీజర్ ఏ కంపెనీదైనా అంతకంటే తక్కువలో కాదు. ఎండ బాగా కాసిన రోజున 100 లీటర్ల సోలార్ హీటర్ మనకు మిగిల్చేది ఆ 4 యూనిట్లే. 1 కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండలకు రోజుకు సగటున ఇచ్చేది కూడా సుమారు 4 యూనిట్లే. కానీ హీటర్‌కు రెండు మూడు చదరపు మీటర్లు చాలు. ప్యానెళ్లకు, చుట్టూ తిరిగి కడుక్కోవడానికి దారి వదిలితే, దాదాపు 10 చదరపు మీటర్లు కావాలి. ప్యానెల్ తన మీద పడే ఎండలో ఐదో వంతును మాత్రమే కరెంటుగా మార్చగలదు. హీటర్ ట్యూబులు ఎండను నేరుగా వేడిగానే పట్టుకుంటాయి కాబట్టి సగానికి పైగా దక్కించుకుంటాయి. ఖర్చు చూసినా హీటర్ 20 వేల అటూ ఇటూలో వస్తుంది. ప్యానెళ్లకు కిలోవాట్‌కు బిగింపుతో కలిపి 60, 70 వేలు అవుతుంది.

ఇక్కడిదాకా విన్నవాళ్లు హీటరే మేలంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా ఆవిడ అడిగిన ఒక్క మాటతో ఆగాను: "మనం వేన్నీళ్లు పోసుకునేది ఎన్ని నెలలండీ?"

లెక్కపెడితే కార్తీకం నుంచి మాఘం దాకా నాలుగు నెలలు. మే నెలలో మా ఇంట్లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంటాయి. ఆ రోజుల్లో హీటర్ డాబా మీద నీళ్లను 80 డిగ్రీలకు మరిగించి ఎవరికి ఇస్తుంది? మేం నలుగురం. స్నానాలకు రోజుకు రెండున్నర యూనిట్ల గీజర్ ఖర్చు. 120 రోజులకు 300 యూనిట్లు, యూనిట్ 6 రూపాయల చొప్పున ఏడాదికి 1,800 రూపాయలు. 20 వేలు తిరిగి రావడానికి 11 ఏళ్లు పడుతుంది. అప్పటికి ట్యూబులు ఒకటి రెండుసార్లు మార్చాల్సి వస్తుంది కూడా.

మదనపల్లె వేరే లోకం. ఊరు ఎత్తు మీద ఉంటుంది, తెల్లవారుజామున చల్లగాలి వదలదు. ఇంట్లో ఆరుగురు, అందులో పెద్దావిడ, ఇద్దరు పసిపిల్లలు. "ఎండాకాలంలో కూడా పొద్దున్నే అత్తయ్యకు వేన్నీళ్లు లేనిదే కుదరదు తమ్ముడూ" అంటుంది అక్క. తొమ్మిది నెలలు, రోజుకు 4 యూనిట్లు అనుకుంటే వెయ్యి యూనిట్లు దాటుతుంది, అంటే 6 వేల పైచిలుకు రూపాయలు. మూడు నాలుగేళ్లలో హీటర్ ఖర్చు తిరిగొచ్చేస్తుంది. బెంగళూరులో ఉంటున్న మన తెలుగువాళ్ల డాబాల మీద ఈ ట్యాంకులు అన్ని కనబడటానికి ఒక కారణం ఇదే. అక్కడ ఏడాది పొడుగునా వేన్నీళ్లు కావాలి.

హీటర్ కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది కంపెనీ పేరు కాదు, నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే వేడికి అది పొరలు పొరలుగా పేరుకుంటుంది. అక్కవాళ్లు మొదట పెట్టించిన హీటర్ రెండేళ్లకే గోరువెచ్చని నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే లోపల తెల్లగా గట్టిపడిన సున్నం లాంటి పొర. అమ్మినతను బోరు నీళ్ల సంగతి ఒక్క మాట కూడా అడగలేదు. ఆ నీళ్లు ఉన్న ఇళ్లకు ఎండకు కాగే ద్రవం ఒక చుట్టులో, మనం వాడే నీళ్లు వేరుగా ఉండే ఏర్పాటు ఉన్న రకం తీసుకోవాలి. కొంచెం ఖరీదెక్కువైనా అదే నిలుస్తుంది. లేదంటే మున్సిపల్ నీళ్లు మాత్రమే హీటర్‌కు పంపాలి.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. మబ్బు రోజుల కోసం ట్యాంకులో కరెంటు కాయిల్ కూడా పెడతారు. ఒక్కరి స్నానానికి ఆ స్విచ్ వేస్తే వంద లీటర్లూ కాగుతాయి. దానికన్నా బాత్రూంలో చిన్న గీజర్ ఉంచుకోవడం నయం. డాబా నుంచి కింది అంతస్తు బాత్రూంకు పైపు పొడుగ్గా ఉంటే ముందు నాలుగైదు లీటర్లు చల్లనీళ్లే వస్తాయి. వాటిని బకెట్‌లో పట్టి మొక్కలకు పోసుకోవచ్చు, లేదా ఇల్లు కట్టేటప్పుడే ట్యాంకును బాత్రూంల పైన ఉండేలా చూసుకోవచ్చు.

ప్యానెళ్ల దగ్గరకు వస్తే, వాటి బలం 12 నెలలూ పని చెయ్యడం. నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలిన యూనిట్లు లైనుకు వెళ్లి, రాత్రి మనం వాడుకున్నవాటితో సరిపెట్టబడతాయి. అలా వచ్చిన కరెంటు ఫ్యాన్‌కు, మిక్సీకి, నా పిల్లాడి కంప్యూటర్‌కు, చలికాలంలో అదే పాత గీజర్‌కు కూడా పనికొస్తుంది. వేన్నీళ్ల కోసం వేరే ఏర్పాటు అక్కర్లేకుండా పోయింది మాకు.

మాకు నెలకు సుమారు 350 యూనిట్లు. ఆంధ్రలో 225 యూనిట్లు దాటగానే యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కు ఎగురుతుంది. అసలు దెబ్బ ఆ పై శ్లాబులోనే. 350కి కరెంటు ఛార్జీయే 2,100 రూపాయల పైన, ఇతర సుంకాలు దానికి అదనం. 3 కిలోవాట్లు రోజుకు 12 యూనిట్లు ఇస్తే ఆ బిల్లంతా దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు రాయితీ. 2 లక్షలు పెట్టినా చేతినుంచి పోయేది లక్షా 22 వేలు. ఏడాదికి 25 వేలు మిగిలితే ఐదేళ్లు. ప్యానెళ్లకు 25 ఏళ్ల గ్యారంటీ ఇస్తారు. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుందని డబ్బు పక్కన పెట్టుకోవాలి.

నెలకు 120 యూనిట్లే కాలే ఇంటికి మాత్రం నేను సలహా ఇవ్వను. వాళ్ల బిల్లు 400 దగ్గర ఉంటుంది, 1 కిలోవాట్ పెట్టినా తిరిగి రావడానికి ఎనిమిది తొమ్మిదేళ్లు పడుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా వస్తున్నవాళ్లకైతే ప్యానెళ్ల వల్ల మిగిలేదేమీ ఉండదు. ఎక్కువ పెట్టించి మిగులు అమ్ముకుందామనుకునేవాళ్లకు కూడా ఒక మాట: మీరు కొనే రేటు కన్నా మీ దగ్గర కరెంటు సంస్థ కొనే రేటు చాలా తక్కువ.

మరో అపోహ చెప్పి తీరాలి. వీధిలో కరెంటు పోతే మా ప్యానెళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆగిపోతాయి. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకూడదని అలా కట్టుదిట్టం చేస్తారు. కోతలకు ఆదుకోవాలంటే బ్యాటరీ ఉండాలి, దాంతో ఖర్చు చాలా పెరుగుతుంది. పక్కింటి మూడో అంతస్తు నీడ పడుతుందేమో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం డాబా ఎక్కి చూసుకోండి, డిసెంబరులో మరీ చూడండి, అప్పుడు నీడలు పొడుగు. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనీ కాదు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ దిగుబడి తగ్గుతుంది.

ఈ రెండిటికన్నా ముందు, అద్దె ఇల్లయినా, అపార్ట్‌మెంట్ అయినా, ప్రతివాళ్లూ చెయ్యగలిగింది ఒకటుంది: పాత ఫ్యాన్లు మార్చడం. పాతది 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న కొత్త బీఎల్‌డీసీ రకం 30 వాట్ల దగ్గర. నాలుగు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 80 యూనిట్లు మిగులుతాయి. పై శ్లాబులో ఉన్న ఇంటికి నెలకు 700 రూపాయలు. మేం ఫ్యాన్లు మార్చిన తర్వాతే ప్యానెళ్ల సైజు తేల్చుకున్నాం. లేకపోతే నాలుగు కిలోవాట్లు పెట్టించేవాళ్లం.

పల్లెలో నాలుగైదు పశువులున్న ఇంటికి నేను ఈ రెండిటికన్నా గోబర్ గ్యాస్ గుంతే చెబుతాను. రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కలిపి పోస్తే 2 ఘనపు మీటర్ల గ్యాస్. రెండు వారాల పైచిలుకులో ఒక సిలిండర్‌కు సమానం. బయటకొచ్చే ముద్ద నేరుగా పొలానికి ఎరువు.

అక్క ఇప్పుడు ప్యానెళ్ల గురించి అడుగుతోంది. వాళ్లకు నెలకు 180 యూనిట్లు, హీటర్ ఉండగా. ఆ బిల్లుకు 1 కిలోవాట్ చాలు, రాయితీ పోను చేతి ఖర్చు 40 వేల లోపు. ముందు ఈ చలికాలం నీడలు చూసుకోమని చెప్పాను. పడమటి వైపు కొత్తగా లేస్తున్న ఇల్లు ఎంత ఎత్తుకు పోతుందో కనుక్కున్నాకే చెయ్యమన్నాను.