యాక్సెస్ స్టాకును వెబ్‌లో చూపించే డేటాసెట్: గ్రానైట్ యార్డుకు పనికొస్తుందా?

స్టాకు లెక్కంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పెట్టుకున్న చీమకుర్తి యార్డును ఊహించుకోండి. బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, మందం, పాలిష్ అన్నీ అందులోనే ఉంటాయి. బయ్యరేమో ఫోన్లోనే స్టాకు చూడాలంటాడు. స్టాకును వెబ్‌లో పెట్టడానికి యాక్సెస్‌కు సొంతంగా ఉన్న దారులు ఎప్పుడో మూసుకుపోయాయి. డేటా యాక్సెస్ పేజీలు కొత్తగా చేసుకునే వీలు 2007 వెర్షన్‌తోనే పోయింది. మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌ సేవలో నడిచిన యాక్సెస్ వెబ్ యాప్‌లను 2018 ఏప్రిల్‌లో ఆపేశారు. కాబట్టి బయటి సాధనం పట్టుకోవాల్సిందే.

అలాంటివాటిలో సైమన్ విల్లిసన్ అనే ప్రోగ్రామర్ 2017లో విడుదల చేసిన డేటాసెట్ (Datasette) అనే సాధనం ఒకటి. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, పైథాన్‌లో నడుస్తుంది. ఎస్‌క్యూలైట్ (డేటాబేస్ మొత్తాన్ని ఒకే ఫైల్లో ఉంచే పద్ధతి) ఫైలు ఇస్తే చాలు, అందులోని టేబుళ్లను బ్రౌజర్లో పెడుతుంది. ముందే చెప్పేస్తున్నాం: స్టాకు చూపించడానికి దీన్ని మించింది వెతకనక్కర్లేదు. ఎంట్రీ మాత్రం యార్డు కంప్యూటర్లో యాక్సెస్‌లోనే జరగాలి. మామూలుగా పెట్టుకుంటే ఇది చదవడానికే తప్ప రాయడానికి కాదు.

అసలు కష్టం డేటాసెట్‌లో లేదు, ఫైలు మార్చడంలో ఉంది. ఉబుంటు లినక్స్‌లో యాక్సెస్ ఫైళ్లను చదివే ఎండీబీ టూల్స్ అనే ప్యాకేజీ దొరుకుతుంది. అందులో స్కీమా కమాండు టేబుళ్ల నిర్మాణం ఇస్తుంది, ఎక్స్‌పోర్ట్ కమాండు వరుసలను ఎస్‌క్యూలైట్‌కు సరిపడే ఇన్సర్ట్ వాక్యాలుగా ఇస్తుంది. ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటే ముందు తీసేయండి. ఎవరైనా యాక్సెస్ తెరిచి ఉండగా ఫైలు కాపీ చేయకండి, పక్కన లాక్ ఫైలు కనిపిస్తోందంటే ఆగాలి. తేదీల ఫార్మాట్ చెప్పకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే 03/04/24 లాంటివి వస్తాయి. అది మార్చో ఏప్రిలో తెలియదు, వరుసక్రమం కూడా తప్పుతుంది. ఎక్స్‌పోర్ట్ కమాండులో తేదీకి పెద్ద డీ (-D), తేదీ-సమయానికి పెద్ద టీ (-T) ఆప్షన్లు రెండింటిలోనూ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఫార్మాట్ ఇవ్వండి.

ఫారాలు, రిపోర్టులు, యాక్సెస్‌లో రాసుకున్న వీబీఏ ప్రోగ్రాము కోడు ఇటు రావు. సేవ్ చేసుకున్న క్వెరీలను ఎస్‌క్యూలైట్‌లో వ్యూలుగా (సేవ్ చేసిన క్వెరీలను టేబుళ్లలా చూపించేవి) మళ్లీ రాసుకోవాలి. ఇక్కడే చదరపుటడుగుల లెక్క దెబ్బతింటుంది. 118 అంగుళాల పొడవు, 71 అంగుళాల వెడల్పు ఉన్న స్లాబు తీసుకోండి. గుణించి 144తో భాగిస్తే యాక్సెస్ 58.18 చూపిస్తుంది. అదే సూత్రం ఎస్‌క్యూలైట్‌లో రాస్తే 58 మాత్రమే వస్తుంది, ఎందుకంటే రెండువైపులా పూర్ణాంకాలుంటే దశాంశాన్ని కోసేస్తుంది. 144 బదులు 144.0 రాస్తే సరిపోతుంది. వంద స్లాబుల లోడులో ఈ తుంపులన్నీ కలిస్తే బిల్లుకూ లిస్టుకూ పొంతన ఉండదు, బయ్యరు ఊరుకోడు. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే 929.03తో భాగించండి, దశాంశం ఉంది కాబట్టి ఈ గొడవ రాదు.

స్లాబు ఫొటోలను ఓఎల్ఈ (ఫైళ్లను టేబుల్లోనే దాచే) కాలమ్‌లో దాచుకుని ఉంటే అవి బ్రౌజర్లో తెరుచుకోవు, యాక్సెస్ వాటి చుట్టూ తన తొడుగు వేసి ఉంటుంది. ఫొటోలను విడిగా ఫోల్డరులో పెట్టి, టేబుల్లో ఫైలు పేరు మాత్రం ఉంచడం మేలు.

ఇక మెచ్చుకోవాల్సింది ఫాసెట్లు, అంటే నొక్కితే జాబితాను వడపోసే లింకులు. డేటాసెట్ సెట్టింగులుండే మెటాడేటా ఫైల్లో మందం, పాలిష్, లాట్ కాలమ్‌లను ఫాసెట్లుగా రాస్తే, పేజీ పైన ఏ మందంలో ఎన్ని స్లాబులున్నాయో లెక్కతో సహా కనిపిస్తాయి. 20 ఎంఎం మీద నొక్కితే అవే మిగులుతాయి. వడపోతంతా లింకులోనే ఉండిపోతుంది కాబట్టి ఆ లింకును వాట్సాప్‌లో పంపితే బ్రోకరుకూ సరిగ్గా అదే జాబితా తెరుచుకుంటుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా పెట్టుకోవచ్చు. బటన్లు, మెనూలు ఇంగ్లిషులోనే ఉంటాయి, తెలుగు కావాలంటే టెంప్లేట్లు మార్చుకోవాలి.

తెలుగు వెతుకులాటలో మాత్రం మెలిక ఉంది. ఎస్‌క్యూలైట్‌లో మాటలు వెతికే భాగమైన ఎఫ్‌టీఎస్5 మామూలు అమరికలో గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు, అక్కడ మాటను తెంపేస్తుంది. దాంతో కొండ అని వెతికితే కుండ కూడా వస్తుంది. వెతుకుడు టేబుల్ చేసేటప్పుడు టోకనైజరు (మాటలను విడదీసే భాగం) కేటగిరీల్లో గుణింతపు గుర్తులకు యూనికోడ్ పెట్టిన ఎంఎన్ (Mn), ఎంసీ (Mc) కలిపితే సర్దుకుంటుంది. అయితే పాత అను ఫాంట్లతో టైపు చేసిన పేర్లను ఏ అమరికా కాపాడలేదు. అవి యూనికోడ్ కావు, వెబ్‌లో పిచ్చి అక్షరాలుగా కనిపిస్తాయి. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ పొల్లులూ కంటితో సరిచూసుకున్నాకే పైకెక్కించాలి.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన సంగతి. డేటాసెట్ పబ్లిష్ కమాండుతో గూగుల్ వారి సర్వరు సేవ క్లౌడ్ రన్‌కు పంపితే, ఫైలు మొత్తాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునే లింకు మామూలుగానే వస్తుంది. చూసేవాళ్లు సొంతంగా ఎస్‌క్యూఎల్ క్వెరీలూ రాసుకోవచ్చు. డౌన్‌లోడూ, సొంత క్వెరీలూ రెండూ సెట్టింగుల్లో ఆపేయాలి. మెటాడేటాలో టేబుల్‌ను హిడెన్ అని రాస్తే జాబితాలో కనబడదంతే, చిరునామా తెలిసినవాడికి తెరుచుకుంటుంది. కాబట్టి కొన్న ధర, పార్టీల బాకీలు, ఫోన్ నంబర్లు ఉన్న టేబుళ్లను దాచడం కాదు, వెబ్‌కు పంపే ఫైల్లో అసలు పెట్టకూడదు. స్టాకు టేబుల్ ఒక్కటే ఎక్స్‌పోర్ట్ చేయండి. పార్టీల వివరాలు బయటపడితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉండనే ఉంది.

క్లౌడ్ రన్‌లో బిల్లింగ్ ఖాతా తెరవాలి. కాసేపు ఎవరూ చూడకపోతే తర్వాత వచ్చినవాడికి మొదటి పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుంది. స్టాకు మారిన ప్రతిసారీ మళ్లీ పబ్లిష్ చేయాలి, సాయంత్రం యార్డు మూశాక రోజుకోసారి చేస్తే గ్రానైట్‌కు చాలు. గంటగంటకూ ధర మారే వ్యాపారానికి ఈ పద్ధతి నప్పదు. నెలకింత అని సర్వరు అద్దెకు తీసుకుంటే డేటాసెట్‌ను 8001 పోర్టులో నడిపి, దాని ముందు బయటి అభ్యర్థనలను అందుకునే ఎన్‌జింక్స్ (nginx) పెట్టి, కొత్త ఫైలు కాపీ చేసి రీస్టార్ట్ చేస్తే పనైపోతుంది. యార్డు కంప్యూటరునే సర్వరు చేసేద్దామనుకుంటే మాత్రం వద్దంటాం. కరెంటు పోతే పేజీ పోతుంది, పైగా చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు బయటినుంచి చేరుకునే సొంత ఐపీ ఉండదు.