రొట్టెల పండుగ అన్నదాన పందిళ్లు: పులిహోరకే మా మార్కులు

నెల్లూరు బారాషహీద్ దర్గాలో 12 మంది షహీదుల (అమరవీరుల) సమాధులున్నాయి. మొహర్రం రోజుల్లో ఇక్కడ జరిగే రొట్టెల పండుగలో మొక్కు తీరినవాళ్లు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, తీరిన కోరికను బట్టి చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె పంచుతుంటే, ఒడ్డున పందిళ్లవాళ్లు అన్నం పెడతారు. నీది ఏ మతమని ఎవరూ అడగరు. భక్తంటే ఇదీ!

పులిహోర పెట్టే పందిళ్లు అన్నిటికన్నా మేలు. 10 కిలోల బియ్యం సుమారు 100 మందికి సరిపోతుంది. అన్నం పలుకుగా వార్చి, ఉతికిన గుడ్డ మీద పరిచి, పూర్తిగా ఆరాకే నూనెలో మగ్గిన చింతపండు గుజ్జు కలపాలి. వేడిమీద పొట్లం కడితే లోపల ఆవిరి చెమ్మ పట్టి, అన్నం జిగురై వాసనొస్తుంది. ఇంటి నుంచి తెచ్చే రొట్టెలకూ ఇదే తిప్పలు. ప్లాస్టిక్ కవరు వద్దు, చల్లార్చి నూలుగుడ్డలో చుట్టండి. సాంబారన్నం రుచిగానే ఉంటుంది గానీ ఎండలో నిలవదు, వండిన వెంటనే వడ్డించేచోటే తినండి.

మజ్జిగ పలుచగా, కాస్త ఉప్పుతో ఉంటేనే దాహం తీరుతుంది.

లోటల్లా చెత్తడబ్బాలు చాలకపోవడమే. తాగేసిన గ్లాసులు గాలికి చెరువులో పడుతున్నాయి. సాయం చేయాలనుకునేవాళ్లు వండినవి కాకుండా బియ్యం, నూనె ముందురోజే ఇవ్వండి, లేదంటే ఒక పూట గ్లాసులు ఏరండి.