రాత్రివేళ ఎండోస్కోపీ: ఒక గ్యాస్ట్రో ఆసుపత్రి సేవపై మా అనుభవం

గత నెల ఒక ఆదివారం రాత్రి మటన్ కూరతో భోంచేస్తుండగా మా అత్తగారి అన్నవాహికలో ఎముక ముక్క ఇరుక్కోవడంతో, గుంటూరులోని ఒక గ్యాస్ట్రో ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది. అంతకుముందు ఇంట్లో మేము చేసిన తెలివితక్కువ పనిని కూడా చెప్పాలి. నమలకుండా మింగితే దిగిపోతుందని అన్నం ముద్దలు, ఆపై అరటిపండు పెట్టాము. ముక్క దిగలేదు సరికదా, ఆవిడ ఉమ్మి కూడా మింగలేక తువ్వాలులోకి వదలసాగారు.

క్యాజువాలిటీలోని డ్యూటీ డాక్టరు ఆ తడిసిన తువ్వాలును చూడగానే, ఉమ్మి సైతం దిగడం లేదంటే దారి పూర్తిగా మూసుకుపోయినట్టేనని, పైగా మొనదేలిన ఎముక అన్నవాహిక గోడను చీల్చే ప్రమాదం ఉన్నందున తెల్లవారేదాకా ఆగకూడదని, మంచినీళ్లు కూడా పట్టవద్దని చెప్పారు. కట్టుడు పళ్లున్నాయా అని ఆయన అడగడం మొదట వింతగా తోచింది. పై పళ్ల సెట్టు అంగిలిని కప్పేయడం వల్ల నోట్లోకి ఎముక వచ్చిన సంగతే తెలియదట. మా అత్తగారు సెట్టు పెట్టించుకుని ఏడాదైంది.

ఎక్స్‌రే కోసం ఇచ్చే బేరియం ద్రవం తాగిస్తే లోపలంతా తెల్లగా పూత పట్టి, నోటి గుండా కెమెరా గొట్టం దించి చేసే ఎండోస్కోపీలో ఏమీ కనబడదంటూ నేరుగా సీటీ స్కాన్ తీయించారు. మేము మింగించిన ముద్దలు ఊపిరితిత్తుల్లోకి జారకుండా శ్వాసనాళంలో గొట్టం వేసి మత్తు ఇచ్చారు. ఎండోస్కోపీ గొట్టం కొసకు పారదర్శకమైన తొడుగు అమర్చి, ఎముక మొన దారిలో గీసుకోకుండా ఆ తొడుగులోకి లాక్కుని బయటికి తీశారు. చింతగింజంత ముక్కను చిన్న డబ్బాలో వేసి మా చేతికిచ్చారు. గోడ గీసుకుపోయింది గానీ రంధ్రం పడలేదు; ఒక రాత్రి ఉంచుకుని, మర్నాడు ద్రవాహారంతో పంపారు. మళ్లీ ఇరుక్కునేందుకు లోపల సన్నబడిన చోటు ఏదైనా ఉందేమో చూడాలని, కొన్ని వారాల తరువాత రమ్మన్నారు. వైద్యం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కౌంటరు తీరు మాత్రం బాగాలేదు. ఆవిడ ఉమ్ముకుంటూ కుర్చీలో కూర్చుని ఉండగా అడ్వాన్సు కట్టేదాకా ఫైలు కదలలేదు. అంగీకార పత్రం మొత్తం ఇంగ్లిషులోనే ఉంది. తెలుగులో చదివి వినిపించమంటే సంతకం చాలన్నారు. ముందు చెప్పిన అంచనాలో మత్తు డాక్టరు ఫీజు లేదు, బిల్లులో ఉంది. రాత్రిపూట వెళ్లేవారు అది కలిపి ఎంతవుతుందో ముందే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.