పెట్రోలు పికప్పా, డీజిలుదా? కమాన్ కట్టల సంగతి

ఉద్దానం ఊళ్ల నుంచి పలాసకు కొబ్బరికాయలు వేసుకుని రెండు రకాల బళ్లూ తోలాను. డీజిల్ ఇంజను బరువెక్కువ కాబట్టి ముందు స్ప్రింగులు గట్టిగా ఇస్తారు. ఖాళీగా వస్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకి లెక్క చెబుతుంది. పెట్రోలుదైతే ముందు తేలిక. గతుకుల్లో మెత్తగా పోతుంది, గట్టిగా బ్రేకు కొడితే ముక్కు వంచుతుంది.

వెనక కమాన్ కట్టలు, అంటే ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు, మాత్రం ఇంధనాన్ని బట్టి కాదు, మోసే బరువును బట్టే. మావాడొకడు పెట్రోలు బండికి రెండు పట్టీలు అదనంగా వేయించి, ఇక టన్నులు మోయొచ్చన్నాడు. ఇరుసు, బ్రేకులు పాతవే కదా బాబూ!

రోజూ నిండు లోడైతే డీజిలే తీసుకుంటాను. ఊళ్లో తేలిక సరుక్కైతే పెట్రోలుదే హాయి.